ట్రేలో తేలిన తాతగారు

ఒక్క కాఫీ ట్రేతో పెళ్లిచూపులు ముంచేయడం సాధ్యమేనా అని మీకెవరికైనా అనుమానముంటే, ఏలూరులో మా ఇంటికి రండి. కూర్చోబెట్టి చెబుతాను. ఆ రోజు నేను మునగకుండా ఎలా బయటపడ్డానో తలుచుకుంటే ఇప్పటికీ గుండెల మీద చెయ్యి వేసుకుని హమ్మయ్య అనుకుంటాను.

అప్పటికి నేను ఆ ఇంటికి కొత్త కోడలిని. మా ఆడపడుచు సుజాతకి తాడేపల్లిగూడెం సంబంధం వచ్చింది. వచ్చిందంటే, అబ్బాయి, సుజాత ఒకే కాలేజీలో పాఠాలు చెబుతారు, ఇద్దరికీ ముందే ఇష్టం. మిగిలిందల్లా అబ్బాయి మామ్మగారు సరేననడమే. పెంటపాడులో ఉండే ఆ మామ్మగారు ఏ ఇంటికెళ్లినా ఒక వంక పెట్టందే లేవరని పేరు. సుజాతకి వారం నుంచి అన్నం సయించడం లేదు.

ఊరంతా వడ్లెండబెట్టుకుంటే నక్క తన తోక ఎండబెట్టుకుందట. పెళ్లిచూపుల రోజు ఇంట్లో అందరూ బూరెలు, జంతికలు అంటూ హైరానా పడుతుంటే నేను ఫోనులో వీడియో చూస్తూ కూర్చున్నాను. "పాత ఫొటో ఫ్రేముతో రాజసమైన ట్రే! పది నిమిషాల్లో!" అంటోంది అందులో అమ్మాయి. అంతే, నాలో కళాకారిణి ఒళ్లు విరుచుకుని లేచింది.

అటకెక్కి వెతికితే టేకు ఫ్రేము ఒకటి దొరికింది. అద్దం బీటలు వారింది. లోపల తలపాగా, గుబురు మీసాలతో ఒక పెద్దాయన. మా హైస్కూలు గోడల నిండా ఇలాంటి పటాలే ఉండేవి. ఎవరో దేశనాయకుడనుకున్నాను. దేశానికే అంత చేసిన మనిషి మా ఆడపడుచు కోసం ఈ మాత్రం చేయరా?

మేకులు పీకి అద్దం తీసేశాను. ఫొటో అతికించిన దళసరి అట్టే ట్రేకి అడుగు. దాని మీద తామరపూల గిఫ్టు కాగితం పరిచి, మైదా ఉడకబెట్టి అంటించాను. పిండి కొద్దీ రొట్టె అంటారు కదా, పిండి కొద్దీ ట్రే అనుకుని పూత మీద పూత పూశాను. అటూ ఇటూ బీరువా పిడులు బిగించాను. అబ్బ, ఎంత ముద్దొచ్చిందో!

మా ఆయన వచ్చి చూశారు. "ఏవిటోయ్ ఇది?"

"ట్రే అండీ."

"తడితడిగా ఉందేం?"

"సాయంత్రానికి ఆరిపోతుందండీ."

"అమ్మని అడిగావా?"

"సర్‌ప్రైజ్ అండీ!"

ఆయన నిట్టూర్చి కుర్చీలు సర్దడానికి వెళ్లిపోయారు. ఆకాశం మాత్రం పొద్దుటినుంచీ మబ్బు పట్టే ఉంది. ఆ రోజు ఏలూరులో ఏదీ ఆరలేదు.

పెళ్లివారు వచ్చారు. నేను కాఫీ కప్పులతో నిండిన ట్రే పట్టుకుని, అమ్మవారి ఊరేగింపులా నడిచాను. మామ్మగారు కళ్లజోడు సర్దుకున్నారు.

"ట్రే బావుందమ్మాయ్. ఎక్కడ కొన్నారు?"

"నేనే చేశానండీ!"

"అలాగా! పనిమంతురాలివే."

ఆ మాటకి నేను పూరీలా పొంగాను. పొంగినదాన్ని ఊరుకోవచ్చుగా? మామ్మగారికి మరింత బాగా కనబడాలని ట్రే ఇంకాస్త వంచాను. రెండు కప్పులు బోర్లాపడ్డాయి. వేడి కాఫీ తామరపూల మీద పారింది. కాగితం ఉబ్బింది, ముడతలు పడింది. కంగారుగా కొంగుతో తుడిచానా, కాగితమంతా చుట్టచుట్టుకుని కొంగుతోపాటు వచ్చేసింది! కొల్లేట్లో గుర్రపుడెక్క పక్కకి తోస్తే నీళ్లు బయటపడ్డట్టు, ముందు మీసాలు, తరవాత ముక్కు, ఆపైన నన్నే చూస్తున్న రెండు కళ్లు బయటపడ్డాయి.

మామ్మగారు ఉలిక్కిపడ్డారు. "ఎవరమ్మా ఈయన?"

"దే... దేశనాయకుడండీ," అన్నాను.

మామయ్యగారు లేచి వచ్చి ట్రేలోకి తొంగి చూశారు.

"నాయకుడేవిటమ్మా! మా నాన్న!"

అత్తయ్యగారు నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు. అద్దం మార్పిద్దామని అటకెక్కించి మరిచిపోయిన పటమట అది! సుజాత కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు చూశాక నాకు నిజంగా భయమేసింది. పిల్ల ఇష్టపడ్డ సంబంధాన్ని మైదాపిండితో చెడగొట్టేశానే! భూమి చీలితే బావుండుననుకున్నాను గానీ, మా హాల్లో మొజాయిక్ గచ్చు మహా గట్టిది.

మామ్మగారు ట్రేని కాసేపు పరీక్షగా చూశారు.

"ఈయన కాఫీ తాగేవారా అండీ?"

"ప్రాణమండీ," అన్నారు మామయ్యగారు. "డాక్టరు మాన్పించేశాడు. ఆ కోపంతో పోయేదాకా మా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు."

"మరింకేం? ఇవాళ తాగారుగా!"

మామయ్యగారి భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారనుకుని నా పైప్రాణాలు పైనే పోయాయి. తీరా చూస్తే నవ్వు! "తాగడమేవిటండీ, మీసాలు తడిసేదాకా తాగారు!" అంటూ కుర్చీలో కూలబడ్డారు. అప్పటిదాకా బిగుసుక్కూర్చున్న పెళ్లికొడుకు పకపకా నవ్వాడు. కళ్లు తుడుచుకుంటూనే సుజాతా నవ్వింది.

"పెద్దాయన అటక దిగొచ్చి మరీ కూర్చున్నారు," అన్నారు మామ్మగారు. "ఇంతకన్నా దీవెన ఏం కావాలండీ? పిల్లని మాకిచ్చేయండి."

హమ్మయ్య! అంత పొడుగు ఊపిరి నేను అంతకుముందెప్పుడూ వదల్లేదు.

వాళ్లు వెళ్లాక అత్తయ్యగారి కాళ్ల మీద పడబోయాను. ఆవిడ పట్టుకుని ఆపారు. "ఊరుకోవమ్మా. తణుకులో మా మరిది దగ్గర ఇదే ఫొటో ఇంకోటుంది, కాపీ తీయిద్దాం. ముందు మామయ్యగారికి మళ్లీ కాఫీ పెట్టు. నవ్వీ నవ్వీ గొంతెండిపోయింది ఆయనకి."

కాబట్టి, మా ఊళ్లో పారే తమ్మిలేరు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ ఇంట్లో ఏ పటం కనబడినా ముందు దణ్ణం పెడతాను. పేరు, ఇంటిపేరు, నాకు వరసేమవుతారో అడుగుతాను. అన్నీ తెలుసుకున్నాక కూడా, ఒక్క మేకు పీకను!