పోస్టుమాను తాత ‘సరే’

తెల్లవారగానే దేవుడికి దణ్ణం పెట్టుకుని ఆయమ్మ వార్డులోకి వచ్చేది. రెండు చేతులా రెండు గ్లాసులు, ఒకదాంట్లో వేడినీళ్లు, ఇంకోదాంట్లో చన్నీళ్లు పట్టుకుని పోస్టుమాను తాత మంచం దగ్గర నిలబడేది. ఏది కావాలని అడిగేది కాదు. మతిమరుపు ముదిరి మాటలన్నీ రాలిపోయినా తాతకు ‘సరే’ ఒక్కటి మిగిలింది. మొదట్లో ఓసారి, సరే అన్నాడు కదా అని పొగలు కక్కే నీళ్లు పట్టి నోరు కాల్చింది. ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు. అప్పట్నుంచీ మాట వినడం మాని చెయ్యి చూసేది. కావలసిన గ్లాసును తాత పట్టుకునేవాడు, అక్కర్లేనిదాన్ని మెల్లగా తోసేవాడు.

ఆ వారం కొత్త డాక్టరొచ్చాడు. జ్ఞాపకశక్తికి ఏదో మందట, ఇంకా మనుషుల మీద పరీక్షించి చూస్తున్నారట. చంకలో ఫైలు, చేతిలో బిస్కెట్ల పొట్లం, మొహాన నవ్వు. ఆ నవ్వే ఆయమ్మకు మింగుడుపడలేదు. చుట్టాలు వచ్చిపోయే మంచాలన్నీ దాటుకుని, ఎవరూ రాని తాత దగ్గరే ఆగాడేం?

“తాతగారూ, ఈ మందు వేసుకుంటారా?”

“సరే.”

డాక్టరు ఫైల్లోంచి ఒప్పుకోలు కాగితం తీసి, వేలిముద్ర కోసం సిరా డబ్బా మూత తీశాడు. ఆయమ్మ తుడిచే గుడ్డ వదిలేసి వచ్చింది.

“ఒక్క నిమిషం బాబూ. తాతా, నిన్ను కిటికీలోంచి కిందికి తోసెయ్యనా?”

“సరే,” అన్నాడు తాత బుద్ధిగా.

పక్క మంచం ముసలాయన పకపకా నవ్వాడు. “నీ ఉద్యోగం ఇస్తానను డాక్టరూ, దానికీ సరేనంటాడు!”

“మేలు చేసే మందేనమ్మా ఇది. నీకెందుకు?” అన్నాడు డాక్టరు ఆయమ్మతో.

“మేలైతే సంతోషమే. ఆయన చెయ్యేమంటుందో కూడా చూడు.”

డాక్టరు డబ్బా ముందుకు జరిపాడు. తాత దాన్ని మెల్లగా పక్కకు తోసేశాడు.

“రేపు చూద్దాంలే,” అంటూ ఫైలు మూసి లేచాడు డాక్టరు. పోతూ పోతూ గోడ మీది డ్యూటీ చార్టు ముందు ఒక్క క్షణం ఆగాడు. రేపు ఆయమ్మకు సెలవు.

ఆమె నేరుగా నర్సు దగ్గరకు నడిచింది.

“సిస్టరమ్మా, నాకు రాయడం రాదు. ఆ మంచం తలాపున పెద్ద అక్షరాలతో రాసిపెట్టు తల్లీ. ఈయన సరే అంటే ఒప్పుకున్నట్టు కాదు, చెయ్యి చూడండి అని. రేపు పొద్దున కాస్త నువ్వు కూడా ఆయన పక్కనే ఉండవూ?”