లిటిల్ టైట్ సార్

ఆ రోజుల్లో మా తిరువూరులో తాగినవాణ్ణి తాగాడనే అనేవాళ్లం. కాస్త మర్యాదస్తుడైతే మందు మీద ఉన్నారనేవాళ్లం. దానికి ఇంగ్లీషులో బోలెడు మాటలుంటాయని, అందులో ఒకటి నా బూట్లలో దాక్కుని ఉందని ఆ డెబ్బైల్లో నాకెవరూ చెప్పలేదు. (చెప్పగలిగింది మా హెడ్మాస్టరు గారొక్కరే. ఆయన చెప్పరు, కనిపెడతారు.)

అప్పుడు నేనొక ప్రైవేటు హైస్కూల్లో టెంపరరీ లెక్కల మాస్టార్ని. వేసవికల్లా పర్మనెంటు చేస్తామన్నారు గానీ, దానికి హెడ్మాస్టరు గారు నా నడవడి బాగుందని కమిటీకి చెప్పాలి. పిల్లలు ఆయన్ని డిక్షనరీ మాస్టారనేవాళ్లు. రోజూ పొద్దున్నే డిక్షనరీలో ఒక పేజీ చదివి, అందులోని మాటని సాయంత్రంలోగా ఎవరో ఒకరి మీద ప్రయోగిస్తే గాని ఆయనకి అన్నం సయించేది కాదు. నేను బెల్ బాటం వేస్తానని ఆయనకి నా మీద అనుమానం. బీయస్సీ పాసై ఖాళీగా ఉన్న మేనల్లుడొకడు విస్సన్నపేటలో ఉన్నాడని నాకు ఆయన మీద అనుమానం.

ఒక సోమవారం, మా బావ విజయవాడ నుంచి తెచ్చిన మొనదేలిన నల్లబూట్లు వేసుకుని బడికి వెళ్లాను. (కొలత మాత్రం తన కాలిదే ఇచ్చాడు.) దానికి తోడు పన్ను పోటు, బుగ్గన లవంగం. ప్రార్థన అయ్యాక వరండాలో గోడ పట్టుకుని నడుస్తుంటే హెడ్మాస్టరు గారు ఎదురై, ఏమయ్యా అలా ఉన్నావన్నారు. ఇంగ్లీషులో చెబితే సంతోషిస్తారు కదా అని, "లిటిల్ టైట్ సార్" అన్నాను.

ఆయన మొహం మారిపోయింది. గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశారు. ముక్కు ముందుకు పెట్టి గాలి పీల్చారు. లవంగం ఘాటు తగిలేసరికి, వాసన దాచడానికే నములుతున్నానని తేల్చుకున్నట్టున్నారు.

"ఎప్పట్నుంచయ్యా ఇది?"

"ఇవాళే మొదలు సార్. మా బావ పట్టుబట్టాడు. వారం ఓర్చుకుంటే అదే అలవాటవుతుందన్నాడు."

"మీ అమ్మగారికి తెలుసా?"

"ఆవిడే దగ్గరుండి ఎక్కించింది సార్."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. మా అమ్మ ఆదివారం చర్చిలో ముందు వరసలో నిలబడి పాడే మనిషి. క్లాసుకి ఇలాగే వెళ్తావా అని గొంతు తగ్గించి అడిగారు. వెళ్తానండి, సాయంత్రానికి లూజవుతుందన్నాను. గచ్చు మీద గీతొకటి చూపించి దానిమీద నడవమన్నారు. నాలుగడుగులు వెయ్యకముందే వెళ్లి బీరువా మీద పడ్డాను.

"నీ నడవడి గురించి కమిటీకి ఏమని చెప్పమంటావయ్యా?" అన్నారు. ఆ గొంతులో కోపం కంటే బాధే ఎక్కువుందని ఇప్పుడు తెలుస్తోంది గానీ, అప్పుడు నా కళ్ల ముందు నిలబడింది విస్సన్నపేట మేనల్లుడు. ఉద్యోగం పోయినట్టేనని ఏడుపొచ్చేసింది. బూట్లు మీకు నచ్చకపోతే ఇప్పుడే విప్పేస్తాను సార్ అంటూ అక్కడే చతికిలబడి రెండూ లాగేశాను. మడమలు ఒరుసుకుపోయి నెత్తురు కారుతోంది.

ఆయన నా కాళ్ల వంక, బూట్ల వంక చాలాసేపు చూశారు. తర్వాత డిక్షనరీ తెరిచి, ఆ పొద్దున చదివిన పేజీ నా ముందు పెట్టారు. టైట్ అన్న మాటకి మొదటి అర్థం బిగుతు. చిట్టచివర, తాగి ఉండుట.

"మొదటిది నాకు తెలిసిందే కదా అని చివరిదే చదివానయ్యా" అన్నారు. తన చెప్పులు నా ముందుకు తోసి, ఉత్త కాళ్లతోనే బెల్లు కొట్టించడానికి వెళ్లిపోయారు. ఆ చెప్పులు నాకు మరీ లూజు. రోజంతా ఈడ్చుకుంటూనే లెక్కలు చెప్పాను. వేసవికి పర్మనెంటయ్యాను. మేనల్లుడికి అంతకు ముందే బ్యాంకులో ఉద్యోగం వచ్చిందట, నేను ఊరికే ఆడిపోసుకున్నాను.

ఇప్పుడైతే ఆ చివరి అర్థం మా బస్టాండులో ఎవరినడిగినా చెబుతారు. నేను కూడా హెడ్మాస్టరునై, రిటైరు కాబోతున్న ఏడాది, కొత్తగా చేరిన కుర్ర మాస్టారొకతను వచ్చి, ఇవాళ బాగా టైటుగా ఉంది సార్ అన్నాడు. పీరియడ్ల సంగతి చెబుతున్నాడు పాపం. నాకు తెలియకుండానే నా ముక్కు ముందుకు వెళ్లింది. దాన్ని వెనక్కి లాక్కుని అతని కాళ్ల వంక చూశాను. చెప్పులే వేసుకున్నాడు. మా డిక్షనరీ మాస్టారు ఉంటే బాగుండుననిపించింది. అతన్నింకేమీ అడక్కుండా క్లాసుకి పంపించేశాను.