ఉప్పునీళ్లలో వంకాయ ముక్కలు

అమ్మ పోయిన నాలుగు నెలలకు, ఆమె షర్బత్ కోసం కాచిన సుగంధి పాకం ఫ్రిజ్‌లో సీసా అడుగున నాలుగు చెంచాలు మిగిలింది. మాచర్లలో వేళ్లు కొని, దంచి, నానబెట్టి కాచింది. ఆమె చేత్తో చేసినవాటిలో ఇంట్లో ఇంకేమీ లేదు.

నేను నరసరావుపేటలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. రోజుకు నాలుగైదు టీలు తాగుతాను. దాని మీద అమ్మకూ నాకూ ఎప్పుడూ పేచీయే.

"ఏమే, ఆ టీనీళ్లు ఏందే? నా సుగంధిలో ఉన్న సత్తువ దాంట్లో ఉందా?"

"కొలిచి చెబుతాలే," అనేదాన్ని. కొలవలేదు. ఇప్పుడు పాకం అయిపోయేలోపు, పాడయ్యేలోపు ఆ మాట నిలబెట్టుకోవాలనిపించింది.

సత్తువను కొలవలేం గానీ, యాంటీఆక్సిడెంట్లను కొంతవరకు కొలవచ్చు. కోసిన వంకాయను నల్లబరిచే ఎంజైము ఒకటుంది. దాన్ని పెన్సిల్ ములుకు మీద పూసి నీళ్లలో ముంచి, ఆ నీళ్లలో పానీయం చుక్కలు వేస్తే, ఆ ఎంజైము ఫినాల్స్ అనే యాంటీఆక్సిడెంట్లను పట్టుకుని మారుస్తుంది. ఆ మార్పు అతి చిన్న కరెంటుగా వచ్చి కంప్యూటర్ తెర మీద గీతై పైకి లేస్తుంది. గీత ఎంత లేస్తే ఫినాల్స్ అంత ఉన్నట్టు. ఆ ఎంజైముకు దొరికేవే అందులో కనబడతాయి. తాగినవాళ్లకు ఎంత మేలో అది చెప్పదు.

అమ్మ ఇచ్చినట్టే గ్లాసు నీళ్లలో చెంచా పాకం కలిపి, అందులోంచి రెండు చుక్కలు వేశాను. గీత కదల్లేదు. మర్నాడు కొత్త వంకాయలతో మళ్లీ చేశాను. కదల్లేదు. ల్యాబులో కలిపింది తాగకూడదని పిల్లలకు చెప్పేది నేనే. రెండు గ్లాసులూ సింకులో పోశాను. రెండు చెంచాలు మిగిలాయి.

మూడో రోజు వంకాయలు కోస్తుంటే, మా ల్యాబులో ఇరవై ఏళ్లుగా పనిచేసే ఆయమ్మ వచ్చి గిన్నెలోకి తొంగిచూసింది.

"ఏంది మేడమ్, గుత్తొంకాయా? మసాలా ఏదీ?"

"కూరక్కాదు. ఇది నల్లబడితేనే నాకు పని."

"నల్లబడాలంటే ఉప్పునీళ్లలో ఎందుకేశారు మరి?"

చేతిలో కత్తి అలాగే ఆగిపోయింది. వంకాయ కోస్తే ముక్క ఉప్పునీళ్లలో పడాలి. పదేళ్లప్పుడు అమ్మ నేర్పింది. మూడు రోజులుగా నా చెయ్యి నన్ను అడక్కుండానే ఆ పని చేస్తోంది. ఆ ఉప్పు అణిచేసేది సరిగ్గా నాకు కావలసిన ఎంజైమునే.

నవ్వాగలేదు. ఆయమ్మా నవ్వింది. "పెద్ద చదువులు!" అంది. అమ్మ పాకం, టీ పేచీ సంగతి ఆమెకు చెప్పాను.

గిన్నె పారబోసి కొత్త వంకాయ కోశాను. ముక్క చూస్తుండగానే గోధుమరంగుకు తిరిగింది. రసం తీసి, జిలెటిన్‌తో కలిపి ములుకుకు పూసి, ఆరేదాకా కూర్చోలేక వరండాలో పచార్లు చేశాను. పాకం మూత తీయబోతే ఆయమ్మ చెయ్యి పట్టుకుంది.

"ముందు టీ మీద చూడండి. అమ్మగారిది పాడు చేసుకోమాకండి."

క్యాంటీన్ నుంచి పాలు లేని టీ తెప్పించాను. రెండు చుక్కలు పడగానే గీత నిటారుగా లేచింది. "లేచింది!" అని అరిచాను. పక్క గదిలో పాఠం ఆగింది. అమ్మ పోయాక నా గొంతు అంత పైకి వెళ్లడం అదే మొదటిసారి.

గ్లాసు నీళ్లలో చెంచా పాకం కలిపి, అన్నే చుక్కలు వేశాను. గీత లేచింది. టీ లేచినంత కాదు, సగం కూడా కాదు. కానీ తడబడకుండా లేచి నిలబడింది. అదే గ్లాసులోంచి ఇంకో రెండుసార్లు చూశాను. అదే ఎత్తు.

"ఎవరు గెలిచారు?" అంది ఆయమ్మ.

"టీ."

"అయ్యో! అమ్మగారు ఒప్పుకునేవారా?"

"ఎక్కడ! నీ మిషనే తప్పు అనేది."

నోట్‌బుక్‌లో మూడు అంకెలూ రాసి, పక్కన 'అమ్మ సుగంధి' అని రాశాను. చివరి చెంచా మిగిలింది. సీసా బయటికి తెచ్చి, కూజా నీళ్లు అందులోనే పోసి గిలక్కొట్టి, రెండు గ్లాసుల్లోకి వంచాను. వరండా మెట్ల మీద కూర్చుని ఇద్దరం తాగాం. బాగా పల్చగా ఉంది. ఆయమ్మ సీసా కడగబోతే వద్దన్నాను.