రాతిబోడు మీది ఇప్పచెట్టు

పొద్దున సెంటినరీ కాలనీ దాటి మట్టిదిబ్బ ఎక్కానో లేదో ఇప్పపూల వాసన గుప్పుమంది. ఓపెన్‌కాస్టు గని తవ్విపోసిన మట్టి మీద ఇప్ప పూసింది! మా విజయ మేడం చూడవలసిన పొద్దు ఇది. గనిలో నడుము దెబ్బతిని నేను లైటు డ్యూటీకి కంపెనీ మొక్కల నర్సరీకి వచ్చినప్పుడు ఆమె అక్కడ ఆఫీసరు. మంథని ఆడపడుచు, నాకంటే చిన్నది. గ్రంథాలయంలో కూర్చుని సొంతంగా చదువుకున్న పొగరు నాది. ఎవరికీ తల వంచలేదు. ఆమెకు వంచాను. ఆ సంగతి గర్వంగానే రాస్తున్నాను.

అప్పట్లో ఓసారి, ఈ దిబ్బ మీద నాటే మొక్కల కోసం, కొత్త గనికని కొట్టేయబోయే అడవిలో ఇప్పగింజలు ఏరుతున్నాం. మావాళ్ళు వాగు ఒడ్డున ఏపుగా కాసిన ఒక్క చెట్టు కిందే సంచులు నింపేశారు. గనిలోకి దిగే ప్రతివాడికీ నంబరు వేసిన ఇత్తడి బిళ్ళ ఉంటుంది. మేడం సంచులు చూసి, "ఒక్కని బిళ్ళ మీద అందరు బాయిల దిగుతరా?" అంది.

"ఎట్ల దిగుతం మేడం? మనిషికో బిళ్ళ ఉండాలె" అన్నాడు మా జట్టులోని సాంబయ్య.

"చెట్టుకు వద్దా మరి? అన్ని ఒక్క తల్లి పిల్లలే అయితే ఒక్క రోగానికే తుడిచిపెట్టుకపోతయి. ఎండలు ఏటేటా ముదురుతున్నయి. ఏది తట్టుకుంటదో ఎవరికెరుక?"

పాత బిళ్ళలు తెప్పించి, దూరదూరంగా ఉన్న చెట్లకు కట్టించింది. ఏ చెట్టు గింజ ఆ చెట్టు సంచిలోనే.

మేం రాతిబోడు అనే రాళ్ళగుట్ట మీద గిడసబారిన ఇప్పచెట్టు ఒకటుండేది. నీళ్ళు లేనిచోట బతికింది కాబట్టి దాని గింజ కావలసిందేనని ఆమె పట్టు. కాయలింకా పచ్చివి. ఇప్పగింజ దాస్తే చెడుతుంది, రాలగానే నాటాలి. ఈలోగా చెట్లు కొట్టే కాంట్రాక్టరు మిషన్లతో దిగాడు.

"గా వంకర చెట్టు కోసం పని ఆపుతరా మేడం? అది పొయ్యిల కట్టెకు గూడ పనికిరాదు."

"నువ్వు కట్టె చూస్తున్నవ్ తమ్మీ, నేను దాని కడుపు చూస్తున్న. కాన్పు కానియ్యి."

నాకు ఒళ్ళు మండింది. "నిండు నెలలున్నదాన్ని ఇంట్లకెళ్ళి గెంటుతర్రా?" అంటూ మిషను ముందు కూర్చున్నాను. "లే పోశన్నా, లొల్లితోని అయ్యే పని కాదు" అని నన్నే కసిరింది. పెద్ద ఆఫీసు ముందు పొద్దంతా నిలబడి, ఆ మూలను అన్నిటికంటే చివర కొట్టేలా ఒప్పించుకొచ్చింది. తొలకరికి కాయలు రాలాయి. గింజలు ఏరుకున్నాక చెట్టు కూలింది. ఆమె అటు చూడలేదు. "తడి ఆరకముందే జల్ది నర్సరీకి పట్టుకపోండ్రి" అంది.

మొక్కలు దిబ్బ మీద పాతుకున్నాక ఒక ఎండాకాలం నిప్పులు చెరిగింది. వాగు ఒడ్డు చెట్టు పిల్లలు చాలామటుకు మాడిపోయాయి. బోడు చెట్టు పిల్లలు ఆకు రాల్చి, ఓర్చుకుని, వానకు మళ్ళీ చిగిర్చాయి. అప్పటికి మేడం బదిలీ అయి వెళ్ళిపోయింది. ఈ పొద్దున పూసింది ఆ బోడు చెట్టు పిల్లే.

ఇప్పుడు మొక్కల పండుగ అని ఎక్కడినుంచో లారీలో ఒకే అచ్చు మొక్కలు తెస్తారు, ఫొటోలు దిగి పోతారు. నేను అడ్డం నిలబడి, "దీని తల్లి యాడున్నది? ఎసొంటి నేల మీద పెరిగింది?" అని అడుగుతాను. ముసలాయనకు చాదస్తమని నవ్వుతారు. నవ్వనీ. జవాబు చెప్పందే గడ్డపార చేతికివ్వను.