మెకెంజీల గుడారంలో ఒక వాన మధ్యాహ్నం

ఎనభై నాలుగు జూలైలో మేము నార్త్ కరోలైనా కొండల్లో జరిగే స్కాట్లాండ్ వంశాల జాతరకు వెళ్లడానికి కారణం ఒక ఇంటిపేరు. అప్పుడు రాలీ పక్కన కేరీలో ఉండేవాళ్లం. ఇప్పుడు ఎటు వెళ్లినా తెలుగు వినిపించే మోరిస్‌విల్ ఆ రోజుల్లో రైలు పట్టాల పక్కన ఒక చిన్న ఊరు. మావారు మురళి రీసెర్చ్ పార్కులో ఇంజనీరు. నేను డిపెండెంట్ వీసా మీద వచ్చాను కాబట్టి ఉద్యోగం చేసే వీలు లేదు. పెళ్లికి ముందు తిరుపతిలో చరిత్రలో పరిశోధన మొదలుపెట్టాను, మా కడప జిల్లా కైఫీయతుల మీద. కుంఫిణీ కాలంలో ఒక సర్వేయరు దొర తన దగ్గర పనిచేసే మనవాళ్లను ఊరూరా పంపించి, కరణాలూ పెద్దలూ చెప్పిన ఊరి సంగతులన్నీ రాయించాడు. అవే కైఫీయతులు. ఆ పరిశోధన సగంలో ఆపి అమెరికా వచ్చాను. మొదట్లో దాని గురించి అడిగినవాళ్లకు త్వరలో పూర్తి చేస్తానని చెప్పేదాన్ని. మూడేళ్లు గడిచాక అడిగేవాళ్లూ లేరు, చెప్పడమూ మానేశాను.

ఒక ఆదివారం పేపర్లో ఫొటో చూశాను. కొండ మీద పచ్చిక మైదానం, వరసగా గుడారాలు, ఒక్కో గుడారం ముందు ఒక్కో వంశం జెండా. ఒక జెండా మీద మెకెంజీ అని ఉంది. మా దొరది కూడా ఆ ఇంటిపేరే. అన్నేళ్లు ఆయన రాయించినవి చదివాను గానీ, ఆయన ఎలాంటి మనుషుల్లోంచి వచ్చాడో ఎప్పుడూ ఆలోచించలేదు. మురళికి ఫొటో చూపిస్తే, "వీకెండ్ ఖాళీయేగా, డ్రైవ్ చేసుకుని వెళ్దాం. మోటెల్ బుక్ చేస్తాను" అన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఆయన ఆఫీస్ నుంచి రాగానే బయల్దేరాం. గ్రీన్స్‌బరో, విన్‌స్టన్-సేలం దాకా దారి బల్లపరుపుగా ఉంటుంది. అక్కణ్ణించి 421 నంబరు రోడ్డు పట్టుకుంటే విల్క్స్‌బరో దాటాక ఘాట్ రోడ్డు మొదలవుతుంది. నాలుగు గంటల ప్రయాణమన్నారు గానీ, కొండ ఎక్కేటప్పుడు మా పాత కారు వేడెక్కడంతో ఇంకో గంట పట్టింది. రాత్రికి బూన్‌లో బస చేశాం. జాతర రోజుల్లో గదులు దొరకవు, నెల ముందే చెప్పి ఉంచుకోవాలి. మాకు ఎవరో వద్దనుకున్న గది అదృష్టం కొద్దీ దొరికింది.

పొద్దున్నే లిన్‌విల్ వైపు వెళ్లాం. మైదానం దాకా కార్లు పోనివ్వరు. కింద పార్కింగ్‌లో కారు పెట్టి, పసుపు రంగు స్కూల్ బస్సెక్కాలి. డ్రైవరు నడివయసు స్త్రీ. మీది ఏ వంశమని ఎక్కినవాళ్లందరినీ అడుగుతోంది. మాకు ఇక్కడ వంశమేదీ లేదని మురళి నవ్వుతూ చెప్పాడు. "నాకూ లేదు. ఏటా వీళ్లను కొండ మీదకు చేరుస్తున్నాను, ఇప్పటిదాకా ఎవరూ నన్ను పొమ్మనలేదు" అంది ఆమె. అప్పటిదాకా నా చీరకు అందరూ తిరిగి చూస్తున్నారని ముడుచుకుని కూర్చున్నదాన్ని కాస్త సర్దుకున్నాను.

పైన పొగమంచు, చలి. జూలై అన్న సంగతే మర్చిపోవాలి. ఆ మంచులోంచి ముందు బ్యాగ్‌పైపుల, అంటే వాళ్ల తిత్తి వాయిద్యాల, మోత వినిపించింది, తర్వాత వాయించేవాళ్లు కనిపించారు. గళ్ల కుచ్చిళ్ల దుస్తుల్లో మగవాళ్లు టెలిఫోన్ స్తంభాల్లాంటి దుంగల్ని నిలువునా ఎత్తి గాల్లోకి విసురుతున్నారు. తినడానికి మాంసం పైలూ సాసేజీలే ఎక్కువ. శాకాహారం ఏమైనా ఉందా అని ఒక దుకాణంలో అడిగితే, వంటచేసే పెద్దాయన కాసేపు ఆలోచించి, తన కోసం కాల్చుకున్న బంగాళాదుంపలు రెండు వెన్నతో పెట్టి ఇచ్చి, డబ్బు తీసుకోలేదు. మేము తెచ్చుకున్న పులిహోరతో కలిపి తిన్నాం.

మెకెంజీల గుడారం నాకు త్వరగానే కనిపించింది. కానీ లోపలికి వెళ్లి ఏమని చెప్పాలి? రెండుసార్లు దాని ముందు నుంచి నడిచి వెళ్లిపోయాను. మూడోసారి, లోపల కూర్చున్న ఒక ముసలామె చెయ్యెత్తి పిలిచింది. పేరు రూత్, రిటైరైన స్కూల్ టీచరు. కూర్చోబెట్టి, ఎదురుగా ఉన్న పటాలు చూపిస్తూ వాళ్ల కథ చెప్పింది. వంశాన్ని వాళ్లు క్లాన్ అంటారు, ఆ మాటకు వాళ్ల పాత భాషలో పిల్లలని అర్థమట. మెకెంజీ అంటే కెనెత్ కొడుకు. స్కాట్లాండ్ ఉత్తర కొండల్లో వాళ్ల నేల. వాళ్ల గుర్తు మండుతున్న కొండ, దాని కింద 'వెలుగుతాను, కాల్చను' అని ఉంటుంది. అయితే ఆ పేరున్నవాళ్లందరిదీ ఒకే రక్తం కాదని ఆమె నొక్కి చెప్పింది. ఆ నేల మీదకు వచ్చి, నాయకుడి నీడన బతికినవాళ్లు కూడా ఆ పేరే పెట్టుకున్నారట. రాజు మీద తిరుగుబాటు ఓడిపోయాక ఈ గళ్ల బట్ట కట్టడం కూడా కొన్నేళ్లు నేరమైందని, సైన్యంలో చేరినవాళ్లకే ఆ అనుమతి ఉండేదని చెప్పింది.

నేను మా సర్వేయరు దొర సంగతి చెప్పాను. ఆమె ఎప్పుడూ వినలేదు. నేను చెబుతుండగానే వాన మొదలైంది. మైదానంలో ఉన్నవాళ్లు పరుగెత్తుకొచ్చి గుడారాల్లో దూరారు. మా దాంట్లో పాతికమంది దాకా చేరారు. రూత్ లేచి నిలబడి, ఇండియా నుంచి వచ్చిన ఈ అమ్మాయి మన మెకెంజీ ఒకాయన కథ చెబుతుంది, వాన తగ్గేదాకా వినండి అని నన్ను ముందుకు నెట్టింది. నా ఇంగ్లీషు నాకే నచ్చని రోజులవి. మా ఊరి కైఫీయతులో ఉన్నది చెప్పడం మొదలుపెట్టాను: చెరువు ఎవరు తవ్వించారు, కరువులో ఊరు ఎలా పాడుపడింది, మళ్లీ ఎవరు వచ్చి పొయ్యి వెలిగించారు. ఇంగ్లీషు సంగతి ఎప్పుడు మర్చిపోయానో తెలియదు. అది రాయించి ఉండకపోతే మా ఊరి పాత సంగతి మాకే తెలిసేది కాదు, అందుకు ఆయనకు రుణపడి ఉన్నామని ముగించాను. చప్పట్లు కొట్టారు.

వెనక కూర్చున్న ఒక పెద్దాయన మాత్రం కొట్టలేదు. పేరు ఆలెక్, పొగాకు రైతు. లేచి నెమ్మదిగా అడిగాడు.

"అమ్మాయీ, అతను మీ నేల ఎందుకు కొలిచాడు?"

పన్ను వెయ్యడానికి, పాలించడానికి అన్నాను.

"స్కాట్లాండ్‌లో మా తాతల తాతల్ని, గొర్రెలు మేపుకోవడానికని జమీందార్లు నేల మీద నుంచి వెళ్లగొట్టారు. ముందు ఎవరో వచ్చి కొలిచాకే అది జరిగింది. కొలిచినవాణ్ణి మా ఇంట్లో ఎవరూ మెచ్చుకోలేదు. మరి నువ్వు రుణపడ్డానంటున్నావు."

రూత్ ఇబ్బందిగా కదిలింది. నాకు కోపం రాలేదు. తిరుపతిలో ఎవరూ నన్ను ఆ మాట అడగలేదు, నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు. "ఆయన కొలుచుకున్నది ఆయన పనికి. చెప్పింది మాత్రం మావాళ్లు. ఊరు తమదని చెప్పుకునే అవకాశం దొరికింది, చెప్పుకున్నారు" అన్నాను.

ఆలెక్ తల ఊపాడు. "అయితే రాయించినవాడి సంగతి చాల్లే. ఆ చెప్పినవాళ్ల సంగతి చెప్పు, వింటాను."

చెప్పలేకపోయాను. నాకు తెలిసింది తక్కువ. అదే ఆయనతో అన్నాను. అయితే తెలుసుకో అన్నాడు, మామూలుగా, పక్కింటాయన అన్నట్టు. వాన వెలిసింది. ఆయన నాకు బిస్కట్లు పెట్టి, తన ముత్తాత ఏ ఓడలో వచ్చాడో, ఏ ఏటి ఒడ్డున మొదటి పంట వేశాడో మురళికి చెబుతూ కూర్చున్నాడు.

ఆదివారం తిరుగు ప్రయాణంలో ఘాట్ రోడ్డంతా నేను మాట్లాడుతూనే ఉన్నాను. కైఫీయతు చెప్పిన కరణాలెవరు, చెప్పకుండా దాచుకున్నదేమిటి, ఊరూరా తిరిగి రాసుకున్న మనవాళ్లు ఏమనుకున్నారు. మురళి చాలాసేపు విని, "జనవరిలో యూనివర్సిటీకి అప్లై చేయి. ఈ వీసా మీద చదువుకోవచ్చు కదా" అన్నాడు. చేశాను. వదిలేసిన పరిశోధనను కొనసాగించలేదు, కొత్త ప్రశ్నతో మొదటి నుంచి ఎత్తుకున్నాను. పట్టా చేతికి రావడానికి చాలా ఏళ్లే పట్టింది.

వేరొకరి వంశ చరిత్ర చూద్దామని వెళ్లినదాన్ని. గర్వపడటానికి అక్కడ చాలా ఉంది, బాధపడటానికీ ఉంది. ఆ మనుషులు రెండూ ఒకే గుడారంలో పెట్టుకుని ఏడాదికోసారి కూర్చుంటారు. నచ్చినంత చెప్పి మిగతాది మడిచి పెట్టేయడం నాకు అలవాటు. ఆ రోజు నుంచి మన ఊళ్ల కథలు కూడా అలా సగమే చెప్పడం మానుకున్నాను. భయమూ కొంత తగ్గింది. తెలియదని పదిమందిలో ఒప్పుకున్నాక, తెలుసుకోవడానికి ఇంకా టైముందని అనిపించింది.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట. పొద్దున పూట ఆటలూ ఊరేగింపులూ చూడండి, గుడారాలకు మాత్రం మధ్యాహ్నం మూడు దాటాక వెళ్లండి. అప్పటికి పెద్దవాళ్లు జెండాలు దించి, బూట్లు విప్పుకుని తీరికగా ఉంటారు. వాళ్ల కథ చెబుతారు, తర్వాత మీ కథ అడుగుతారు.