ఫోటో అంచున చీర కొంగు

చికాగో నగరాన్ని ఫోటో తీయడం నేర్చుకుందామని కాలేజీ సాయంకాలం క్లాసులో చేరిన కొత్తలో, ఇన్‌స్ట్రక్టర్ నా ప్రింటును రెండు వేళ్ళతో పట్టుకుని, "ఇది టూరిస్టులు కొనే బొమ్మ పోస్ట్‌కార్డు. మందుల షాపులో కూడా అమ్ముతారు" అన్నాడు. అందరి ముందూ అన్నాడు. ఎనభైల మొదట్లో సంగతి. నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు.

టర్మ్ చివర హాల్లో ప్రదర్శన. ఒక్కొక్కరిదీ ఒక్క ప్రింటు. ఆయనకు నచ్చకపోతే ఆ చోటు ఖాళీగా వదిలేస్తాడట. ఈ సంగతి నేను అన్నయ్యకు చెప్పడం పొరపాటు. అన్నయ్యంటే బంధువు కాదు, మా తెలుగు చర్చి ఆయన. నాకు కారు లేదు కనుక, మేముండే శివారు ఊరు అరోరా నుంచి ఎక్కడికైనా ఆయనే తీసుకెళ్ళేవాడు. ఆదివారం ఆరాధన అయ్యాక ప్రకటనల్లో, నన్నడగకుండానే, "మన తమ్ముడి ఫోటో ఎగ్జిబిషన్‌లో పెడుతున్నారు, అందరూ రావాలి" అని చెప్పేశాడు. ఇంకా ఎంపిక కాలేదని లేచి చెప్పడానికి నోరు రాలేదు.

ప్రార్థన ముగిశాక అన్నయ్య, ఆయన భార్య, నేను ముగ్గురం చికాగోలోని సరస్సు ఒడ్డుకు వెళ్ళాం. వదిన పట్టుచీర మీద చలికోటు వేసుకుంది.

"ముందు మమ్మల్ని తియ్యి తమ్ముడూ. అమ్మకి పంపాలి."

"వెలుతురు పోతుంది వదినా. నాకు బిల్డింగులు కావాలి."

"బిల్డింగులు ఎక్కడికి పోతాయిరా, వచ్చే వారం కూడా ఇక్కడే ఉంటాయి," అన్నాడు అన్నయ్య. "మనిషి లేని ఫోటో తీసి ఫిల్మ్ వేస్ట్ చేయకు."

రీలు దాదాపు వాళ్ళకే అయిపోయింది. పక్కకు జరగమని బతిమాలి, ఆఖరి ఫ్రేములకు కెమెరా ఎత్తాను. మబ్బు కింద నుంచి ఎండ వచ్చి భవనాల పైభాగాలకు తగిలింది. నొక్కిన క్షణంలోనే గాలికి వదిన కొంగు ఎగిరి, కోటు కింద నుంచి ఫ్రేములోకి వచ్చింది. తర్వాతి ఫ్రేముకు ఎండ లేదు.

డార్క్‌రూములో వారమంతా ఆ ఒక్క నెగెటివ్‌తోనే గడిపాను. ఆకాశం తెల్లగా వెలవెలబోతోంది. అట్టముక్కకు చిల్లు పెట్టి, ఆ చిల్లులోంచి ఆకాశం మీద మాత్రమే ఇంకాస్త వెలుతురు పడనిచ్చాను. ఎక్కువైతే మసి, తక్కువైతే సున్నం. అట్టను కదుపుతూ ఉండకపోతే దాని అంచు కూడా కాగితం మీద పడుతుంది. పాడైన కాగితాలు చించి మళ్ళీ మొదలుపెట్టాను. చివరికి మబ్బు మబ్బులా వచ్చింది. ప్రింటులో కొంగున్న అంచును కోసేశాను.

ఇన్‌స్ట్రక్టర్ ఆ ప్రింటును చూసి, నెగెటివ్ అడిగాడు. వెలుతురుకు ఎత్తి పట్టుకుని, "ఈ మూల ఎగురుతున్నదాన్ని ఎందుకు కోశావు?" అన్నాడు.

"అది పొరపాటున పడింది. నా ఫోటో నగరం గురించి."

"ఇది లేకపోతే మళ్ళీ పోస్ట్‌కార్డే. పూర్తి ఫ్రేము తెస్తే పెడతాను. లేకపోతే లేదు."

పెట్టవద్దని చెప్పాలనుకున్నాను. చెప్పేవాణ్ణే. కానీ పిల్లాపాపలతో, టిఫిన్ డబ్బాలతో వచ్చి ఖాళీ గోడ ముందు నిలబడే చర్చి మొత్తం కళ్ళముందు కనిపించింది. పూర్తి ఫ్రేము ప్రింటు చేసి ఇచ్చాను.

అందరూ వచ్చారు. వదిన దగ్గరగా వెళ్ళి చూసింది.

"ఇది నా చీరేగా. మనిషినేం చేశావు?"

"పక్కకు జరగమన్నాను కదా వదినా."

"కొంగు పెట్టి మొహం తీసేశాడండీ మీ తమ్ముడు," అని అన్నయ్యకు ఫిర్యాదు చేసింది. అటుగా వెళుతున్న ఇన్‌స్ట్రక్టర్ ఆగి, ఆ గుడ్డే ఫోటోకు ప్రాణమని ఆమెకు చెప్పాడు. ఆమె మురిసిపోయి అందరినీ పిలిచి చూపించింది.

నేను వారం రోజులు తంటాలు పడిన ఆకాశం గురించి ఒక్కరూ అడగలేదు. ఇంటికి వచ్చేటప్పుడు కారులో ఆ మాటే అన్నాను.

"ఆకాశానికేం రా," అన్నాడు అన్నయ్య గేరు మారుస్తూ, "బానే ఉంది."