దండం పెట్టి చంపే విలన్

ఇవాళ ఫోన్‌లో యంత్రం గొంతు "క్షమించండి" అనగానే ఒళ్ళు జలదరించింది. ఆదివారాలు టీవీలో వచ్చే వేరే గ్రహం రాజు సీరియల్ గుర్తుందా? అరిచే ఆ రాజుని చూస్తే మనకి నవ్వొచ్చేది. మనం భయపడింది వాడి బంటుకి. "ఏమీ అనుకోకండి, రాజుగారి ఆజ్ఞ" అని వంగి దండం పెట్టి మరీ మనుషుల్ని బూడిద చేసేవాడు.

ఓ ఆదివారం అది చూస్తుండగానే మండపేటలో మా ఇంటికి రైస్ మిల్లు గుమాస్తాగారు వచ్చారు. మిల్లు మిషన్‌లో నాన్న చెయ్యి పోయి అప్పటికి నెల. ఆయన చెప్పులు బయట విడిచి, అరటిపళ్ళు అమ్మకిచ్చి, "ఇంక పనిలోకి రావద్దన్నారండి అయ్యగారు. ఏమీ అనుకోకండి" అన్నారు. కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నారు.

అయ్యగారే వచ్చి అరిచుంటే నాన్న తిరగబడేవాడు. ఈయన్ని ఏమనగలడు? మిగిలిన ఒక్క చెయ్యీ ఎత్తి దండం పెట్టి, "కాఫీ తాగి వెళ్ళండి" అన్నాడు.

ఆయన కూర్చుని తాగి వెళ్ళారు.